కీటానువిద్ధ రత్నం: హస్తకళాభరణంలో ప్రకృతి, లోపం – అలంకారశాస్త్ర పరిశీలన

వ్యాససంగ్రహం

చేతితో చేసిన ఆభరణంలోని హెచ్చుతగ్గులను, గరుకుదనాన్ని, ప్రకృతి విడిచిన గుర్తులను సౌందర్యంగా పరిగణించే ధోరణి నేటి కళావిమర్శలో విస్తరిస్తున్నది. ఈ ధోరణిని సమర్థించడానికి జపాను సౌందర్యభావనలను ఉటంకించడం పరిపాటి. అయితే దోషానికీ శోభకూ ఉన్న సంబంధాన్ని భారతీయ అలంకారశాస్త్రం ఆభరణాన్నే ఉపమానంగా తీసుకొని లోతుగా చర్చించింది. సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు ప్రస్తావించిన పురుగు తొలిచిన రత్నం ఆ చర్చకు కేంద్రబిందువు. ఆ ఉపమానం ఆధారంగా తెలుగు ఆభరణ నామాలను, రత్నపరీక్షా సంప్రదాయాన్ని, ఆదిలాబాద్ ఓజ లోహకళను, ఆముక్తమాల్యదలోని పూలదండను పరిశీలించి, హస్తకళాభరణంలో లోపం, జాడ, నటన అనే మూడింటిని వేరుచేసి చూడవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అలంకారం, దోషం, వేధం, మధూచ్ఛిష్టం, ఉపాదేయత, హస్తకళ.

1. ప్రవేశిక

తెలుగు సాహిత్యశాస్త్రానికి నగల పెట్టె కొత్త కాదు. విన్నకోట పెద్దన తన లక్షణగ్రంథానికి కావ్యాలంకారచూడామణి అని పేరు పెట్టాడు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన సంస్కృత లక్షణగ్రంథం ప్రతాపరుద్రయశోభూషణం. ఆ గ్రంథపు బాటలో నరసభూపాలీయం రచించిన భట్టుమూర్తి రామరాజభూషణుడుగానే ప్రసిద్ధుడు. తెలుగు వ్యాకరణం చింతామణి అయింది. గ్రంథానికి, కవికి, శాస్త్రానికి ఆభరణమో రత్నమో పేరుగా నిలవడం ఈ సంప్రదాయంలో సహజమైపోయింది.

ఇంతగా ఆభరణాన్ని ఆశ్రయించిన శాస్త్రం, ఆ ఆభరణాన్ని చేసిన చేతిని ఎంతవరకు చూసింది? కుంపటి, ఊదుగొట్టం, మూస, కమ్మచ్చు, వెలిగారం వంటి పరికర పదార్థాలు లక్షణగ్రంథాల ఉపమానాలలోకి అరుదుగానే వచ్చాయి. నగ సిద్ధమైన తరువాతనే, అది ఒక శరీరం మీదికి చేరిన తరువాతనే, ఆలంకారికుడు దాన్ని చూశాడు. ఈ దృష్టికి ఒక ముఖ్యమైన ఫలితం ఉంది. సిద్ధమైన నగలో లోపం కనిపిస్తే అది లోపమే. తయారవుతున్న నగలో కనిపించే అదే గుర్తు, లోహం ఏ దారిన ఘనీభవించిందో, చేయి ఎక్కడ ఆగిందో చెప్పే సాక్ష్యం కూడా కావచ్చు. ఈ రెండు చూపుల మధ్యనున్న దూరమే ఇక్కడ చర్చనీయాంశం.

2. తొడిగిన నగ, ఎడబాయని శోభ

9వ శతాబ్దపు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో గుణాలకూ అలంకారాలకూ భేదం చెబుతూ, అలంకారాలు అవయవాలను ఆశ్రయించిన కంకణాల వంటివన్నాడు. కావ్యప్రకాశంలో మమ్మటుడు ఈ ఉపమానాన్ని స్వీకరించి, అలంకారాలను హారాదులతో పోల్చాడు. శౌర్యం ఆత్మకు ఎలాంటిదో గుణం రసానికి అలాంటిది; హారం మెడకు ఎలాంటిదో అలంకారం శబ్దార్థాలకు అలాంటిది. ఈ పోలికలో ఆభరణం ప్రధానంగా తొడగదగినది, తీయదగినది. అది లేకపోయినా శరీరం ఉంటుంది.

వక్రోక్తిజీవితకర్త కుంతకుడు ఈ విభజనను అంగీకరించలేదు. అలంకారంతో కూడినదే కావ్యమని, ముందు కావ్యం ఉండి తరువాత దానికి అలంకారం చేరదని, విశ్లేషణ సౌకర్యం కోసమే వాటిని విడదీసి చూపుతామని ఆయన అభిప్రాయం. హస్తకళాభరణాన్ని అర్థం చేసుకోవడానికి కుంతకుని దృష్టి ఎక్కువ ఉపకరిస్తుంది. కంసాలి కమ్మచ్చులో లాగిన తీగకు రూపం ఒకటి, శోభ వేరొకటి అని విడిగా ఉండవు. తీగ సన్నదనం, దాని వంపు, టంకం పడిన చోటు, వీటన్నిటి సంయోగమే ఆ నగ. నగకు ఏ శోభ అయితే ఉన్నదో అది తయారీలోనే పుట్టింది. అందువల్ల హస్తకళాభరణ విమర్శ మొదట అడగవలసిన ప్రశ్న “ఇది ఎవరికి నప్పుతుంది?” అని కాక, “ఇది ఎలా పుట్టింది?” అని ఉండాలి.

3. పేరులో ప్రకృతి, పనిలో క్రమం

తెలుగు ఆభరణ నామాలలో ఒక తోట దాగి ఉంది. మామిడిపిందెల హారం, చింతాకు పతకం, మల్లెమొగ్గల హారం, చేమంతిపువ్వు, చంద్రవంక, నాగరం వంటి పేర్లను చూస్తే, స్త్రీ శిరస్సు నుండి పాదాల వరకు ఆకులూ, పూలూ, పిందెలూ, పడగలూ, ఆకాశబింబాలూ పరచుకొని ఉన్నాయనిపిస్తుంది. వీటిలో చాలా వరకు అరుదైన వస్తువుల పేర్లు కావు. చింతచెట్టు ఊరి బయట నీడనిచ్చే చెట్టు. దాని చిగురు సామాన్యుని కూరలోనిది. ఆ ఆకే పతకమైనప్పుడు రాచఖజానా లెక్కలకు ఎక్కింది. 17వ శతాబ్దపు భద్రాచల రామదాసు, కారాగారంలో తాను దేవునికి చేయించిన నగలను ఒక్కొక్కటిగా పేర్కొంటూ నిలదీసిన కీర్తనలో, సీతమ్మకు చేయించిన చింతాకు పతకం ప్రత్యేకంగా ప్రస్తావితమైంది. ఆ కీర్తన బలం ఒక వైరుధ్యంలో ఉంది. పేరులో అది ఆకు. లెక్కలో అది వేల నాణేల వ్యయం. భక్తుని ఆక్రోశం ఆ రెంటి మధ్య నలిగిన మనిషిది.

అయితే ఈ నామాలలోని ప్రకృతి నగలోకి వచ్చేటప్పుడు క్రమబద్ధం కావడం గమనించాలి. చెట్టు మీది చింతాకులో ఒక చిరుపత్రం పెద్దది, ఒకటి చిన్నది. ఒకటి పురుగు కొరికినది, ఒకటి రాలిపోయినది. పతకంలోని చింతాకుకు చిరుపత్రాలన్నీ సమానంగా, ఈనెకు ఇరువైపులా ఎదురెదురుగా అమరుతాయి. మామిడిపిందెల హారంలో పిందెలన్నీ ఒకే వంపు తిరుగుతాయి. ఇక్కడ ప్రకృతి రూపాన్ని ఇచ్చింది గాని, తన స్వభావాన్ని ఇవ్వలేదు. వాడిపోవడం, రాలిపోవడం, కొరకబడడం అనే కాలధర్మాన్ని బంగారం నిరాకరించింది. శాశ్వతత్వం కోసమే ఆకును బంగారంలోకి మార్చినప్పుడు ఆ నిరాకరణ సహజమే. అది ఈ కళకు తక్కువతనం కాదు. కాని ఆకుకు బంగారం ఇవ్వలేనిది ఒకటి ఉందని భాషకు తెలుసు. అసాధ్యమైన సంపూర్ణతను చెప్పవలసినప్పుడు తెలుగువారు బంగారానికి పరిమళం అబ్బినట్లని అంటారు. పువ్వుకు తావి ఉంది, నిలకడ లేదు. బంగారానికి నిలకడ ఉంది, తావి లేదు. ఈ జాతీయంలో బంగారాన్ని కూడా లోపం గల పదార్థంగానే లోకం గుర్తించింది.

4. దోషానికీ ప్రకృతి పేరే

ఆభరణ రూపాలకు మాత్రమే ప్రకృతి పేర్లున్నాయనుకుంటే పొరపాటు. 6వ శతాబ్దపు వరాహమిహిరుని బృహత్సంహితలోని రత్నపరీక్షాధ్యాయాలలో వజ్రానికి చెప్పిన దోషాలలో కాకపదం, మక్షిక, కేశం ఉన్నాయి. రాయిలో కనిపించే గీత కాకి అడుగులాగా ఉంటే ఒక దోషం; మచ్చ ఈగలాగా ఉంటే మరొకటి; సన్నని పగులు వెంట్రుకలాగా ఉంటే ఇంకొకటి. గుణాన్ని చెప్పే భాషకు పువ్వు, పిందె, చంద్రుడు ఆధారమైతే, దోషాన్ని చెప్పే భాషకు కాకి, ఈగ, వెంట్రుక ఆధారమయ్యాయి. రెండూ ప్రకృతిలోనివే. వాటిని వేరుచేసినది ప్రకృతి కాదు. పరీక్షకుని అభిరుచి, రాజు అవసరం, శుభాశుభ విశ్వాసం.

ఈ పరీక్ష తెలుగు నేలకు దూరమైనది కాదు. కృష్ణా పరీవాహక ప్రాంతపు గనుల నుండి వచ్చిన వజ్రాలు గోల్కొండ పేరుతో లోకప్రసిద్ధి పొందాయి. 17వ శతాబ్దంలో ఆ గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ఇక్కడి పనివారు రాయిలో మచ్చ ఉంటే దాన్ని కప్పడానికి దాని మీద అనేక ముఖాలను కోసేవారని రాశాడు. అంటే ముఖాల విన్యాసం కొన్ని సందర్భాలలో మచ్చను అనుసరించి ఏర్పడింది. దోషం ఉన్న చోటే శిల్పానికి దారి చూపింది. రాయి బరువును వీలైనంత నిలుపుకొంటూ పనిచేయడం ఇక్కడి పద్ధతి. దీనికి భిన్నమైన ఆదర్శం కోహినూర్ చరిత్రలో కనిపిస్తుంది. 1852లో లండన్‌లో ఆ వజ్రాన్ని నాటి యూరపు అభిరుచికి తగిన సౌష్ఠవం కోసం తిరిగి కోసినప్పుడు, 186 పాత క్యారట్లుగా, నేటి లెక్కలో సుమారు 191 క్యారట్లుగా ఉన్న రాయి 105.6 క్యారట్లకు దిగింది. సౌష్ఠవానికి చెల్లించిన మూల్యం దాదాపు సగం రాయి. మచ్చను తొలగించడమనేది ఖర్చులేని పని కాదని, నిర్దోషత్వం కూడా ఒక రకమైన నష్టమేనని ఈ ఉదాహరణ సూచిస్తుంది.

5. పురుగు తొలిచిన రత్నం

కావ్యదోష విషయంలో తొలి ఆలంకారికులు కఠినంగా ఉన్నారు. కావ్యంలో స్వల్పదోషాన్ని కూడా ఉపేక్షించరాదని, సుందరశరీరాన్ని ఒక్క మచ్చ చెడగొట్టినట్లే అది కావ్యాన్ని చెడగొడుతుందని దండి భావన. మమ్మటుని కావ్యలక్షణంలో మొదటి విశేషణమే దోషరాహిత్యం. విద్యానాథుడు కూడా గుణాలంకారసహితమై, దోషవర్జితమైన శబ్దార్థాలనే కావ్యమన్నాడు.

14వ శతాబ్దంలో కళింగదేశపు విశ్వనాథుడు సాహిత్యదర్పణం ప్రథమ పరిచ్ఛేదంలో మమ్మటుని లక్షణాన్ని విమర్శిస్తూ చేసిన వాదం మూడు మెట్లుగా సాగుతుంది. మొదటిది: రావణుడు తన దుఃస్థితిని తానే ధిక్కరించుకొనే ప్రసిద్ధ శ్లోకంలో విధేయాంశానికి సంబంధించిన దోషం ఉంది, అయినా అది ఉత్తమ ధ్వనికావ్యంగా అంగీకృతమైంది. రెండవది: సర్వథా నిర్దోషమైన రచన అత్యంత విరళం కనుక, ఆ నియమాన్ని పట్టుకుంటే కావ్యమే కరవవుతుంది. మూడవది మన చర్చకు ప్రధానం. రత్నానికి లక్షణం చెప్పేటప్పుడు పురుగు తొలవకుండా ఉండాలని ఎవరూ చేర్చరు. పురుగు తొలిచిన రంధ్రం రత్నపు రత్నత్వాన్ని తొలగించలేదు. దాని ఉపాదేయతలో తారతమ్యాన్ని మాత్రమే కలిగిస్తుంది. కావ్యంలోని దోషమూ అంతే.

ఈ వాదంలో విశ్వనాథుడు రెండు ప్రశ్నలను విడదీశాడు. ఒక వస్తువు రత్నమా కాదా అన్నది ఒక ప్రశ్న. దాన్ని ఎంత ఆదరంతో స్వీకరిస్తామన్నది మరొక ప్రశ్న. మొదటిది స్వరూపానికి సంబంధించినది. రెండవది తారతమ్యానికి సంబంధించినది. దోషం ఏమీ చేయదని ఆయన అనలేదు. దోషమే గుణమని అసలే అనలేదు. రసం స్ఫుటంగా ఉన్నచోట దోషం కావ్యత్వాన్ని హరించలేదన్నాడు. నేడు లోపాన్ని కీర్తించే వారికీ, లోపాన్ని సహించని వారికీ ఈ మాటలో సమానమైన హెచ్చరిక ఉంది.

విశ్వనాథుడు ఏ రత్నమో పేర్కొనలేదు. కాని నవరత్నాలలో ముత్యం, పగడం జీవజన్యాలు. ప్రాణి శరీరంలో పుట్టినదాన్ని మరొక ప్రాణి తొలవడం ప్రకృతిలో విపరీతమేమీ కాదు. ఇక్కడ వేధమనే మాటను నిలిపి చూడాలి. శాకుంతలం ద్వితీయాంకంలో దుష్యంతుడు శకుంతలను వాసన చూడని పువ్వుతో, వేధ పడని రత్నంతో పోల్చుతాడు. అక్కడ తొలవకపోవడం అనుభవానికి అందని స్వచ్ఛత. కాని వేధ పడని ముత్యం దండలో చేరదు. దారం పోవాలంటే రంధ్రం కావాలి. పురుగు చేసినదీ రంధ్రమే. పనివాడు చేసినదీ రంధ్రమే. ముత్యం పదార్థపరంగా చూస్తే రెండూ గాయాలే. వాటి మధ్య భేదం అన్వయంలో ఉంది: పనివాని రంధ్రం దారాన్ని మోస్తుంది. పురుగు తొలిచిన రంధ్రాన్ని గుర్తించి, దానికి తగినట్లు కూర్పును మలచినప్పుడు అది కూడా దారాన్ని మోయగలదు. లోపం ఆభరణంలో సార్థకమయ్యేది ఆ క్షణంలోనే. ఆభరణంలోని ఒక అసమత గుణమో దోషమో తేల్చడానికి, అది మొత్తం కూర్పుకు సూత్రమవుతున్నదా అన్న ప్రశ్న ఒక గీటురాయి.

6. మధూచ్ఛిష్టం: ఓజ లోహకళ

ఈ గీటురాయిని ఒక సజీవ హస్తకళ మీద పరీక్షించవచ్చు. తెలంగాణలోని పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో, ముఖ్యంగా జైనూరు ప్రాంతంలో, ఓజ కళాకారులు ఇత్తడితో పోతపోసే వస్తువులలో దేవతామూర్తులు, గంటలు, నాట్యభంగిమలోని బొమ్మలతోపాటు ఆభరణాలూ ఉన్నాయి. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించింది. మట్టితో లోపలి ముద్ద చేసి, దాని మీద మైనపు దారాలను వరుసగా చుట్టి రూపాన్ని తీరుస్తారు. పైన మట్టి పూతలు వేసి కాల్చినప్పుడు మైనం కరిగి పోతుంది; మైనం విడిచిన ఖాళీలో కరిగిన లోహం నిండుతుంది. చివరకు మట్టిని పగలగొట్టి వస్తువును తీస్తారు. అచ్చు ఒక్కసారికే పనికి వస్తుంది కనుక, ఈ పద్ధతిలో ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒకటి కాలేవు.

సంస్కృత శిల్పశాస్త్రాలలో ఈ పద్ధతికి మధూచ్ఛిష్టవిధానమని పేరు. మానసారంలో ఈ పేరుతో ఒక అధ్యాయమే ఉంది. 12వ శతాబ్దపు కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుని మానసోల్లాసం కూడా ఈ పోత విధానాన్ని వర్ణించింది. మధూచ్ఛిష్టమంటే తేనె తీసుకొన్న తరువాత మిగిలినది, తేనె యొక్క ఎంగిలి. తేనెటీగ కట్టుకున్న గూడు, మనిషి తేనె పిండుకొన్నాక మిగిలిన మైనం, ఆ మైనం కరిగి పోయాక మిగిలిన ఖాళీ, ఆ ఖాళీని నింపిన లోహం: ప్రతి దశలోనూ ముందున్నది నశించి తన ఆకారాన్ని తరువాతి దానికి విడిచింది. చింతాకు పతకంలో ప్రకృతి నమూనాగా ఉంది. ఇక్కడ ప్రకృతి పనిలో భాగస్వామిగా ఉంది. రూపంలో ఆకూ పువ్వూ లేకపోయినా, ఓజ ఆభరణం మీద కనిపించే సన్నని గాళ్లు మైనపు దారం నడిచిన దారులు.

ఈ వస్తువుల మీది స్వల్ప అసమతలను చూసి, వాటిని ఆదిమమని, అమాయకమని మెచ్చుకొనే పరిపాటి ఉంది. ఆ మెప్పులో ఒక అన్యాయం దాగి ఉంది. మైనపు దారాన్ని సమాన మందంతో తీయడం, వరుసల మధ్య సందు లేకుండా చుట్టడం, లోహం నలుమూలలకూ చేరేలా దారి విడవడం, మట్టి పగలకుండా కాల్చడం కఠిన శిక్షణ ఫలితాలు. లోపల గాలి చిక్కి లోహం చేరకపోతే కళాకారుడు దాన్ని చెడిపోయిన పోతగానే లెక్కిస్తాడు. పగిలిన గంట మోగదు. అంచు నున్నన కాని కడియం చర్మాన్ని కోస్తుంది. అంటే ఈ కళలోనూ దోషవిచారం ఉంది, తారతమ్యం ఉంది, మంచి పనికీ చెడ్డ పనికీ తేడా తెలిసిన కన్ను ఉంది. సమత కోసం చేయి చేసిన ప్రయత్నం తరువాత కూడా మిగిలిన భేదాన్ని, ప్రయత్నమే లేనందువల్ల వచ్చిన భేదంతో కలిపివేస్తే, శిల్పి నైపుణ్యం యాదృచ్ఛికంగా కనిపిస్తుంది. లోపాన్ని మెచ్చుకొనే పేరుతో నైపుణ్యాన్ని నిరాకరించడం ఇలాగే జరుగుతుంది.

7. తొడిగి విడిచిన దండ

ఎంగిలి అనే భావన తెలుగు కావ్యప్రపంచంలో ఒక మహాప్రబంధానికి శీర్షిక అయింది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద పేరుకు, తాను తొడిగి విడిచిన దండను సమర్పించినది అని అర్థం. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు దేవునికై కట్టిన పూలదండను గోదాదేవి ముందుగా తాను ధరించి చూసుకొన్నది. ఆచారదృష్టిలో అది ఉచ్ఛిష్టం, వాడిన వస్తువు, దేవునికి తగనిది. భక్తిదృష్టిలో దేవునికి ప్రియమైనది ఆ దండే. రాయలు నాయికను ఆమె వంశంతో గాని, సౌందర్యంతో గాని కాక, ఈ ఒక్క పనితోనే గుర్తించి కావ్యానికి పేరు పెట్టడం గమనార్హం.

పూలదండ చేతిపని, ప్రకృతి ద్రవ్యంతో చేసిన ఆభరణం, ఒక్క పూటలో వాడిపోయేది. అది మరొకరి మెడకు తగిలినప్పుడు రేకు నలుగుతుంది, తావి కొంత తరుగుతుంది. ఉపాదేయతా తారతమ్యం చూసే కన్నుకు అది దిగిన వస్తువు. కాని ఈ కథలో ఆ నలగడమే దండకు అర్థాన్నిచ్చింది. తొడగని దండలో పువ్వులు మాత్రమే ఉన్నాయి. తొడిగిన దండలో ఒక మనిషి ఉంది. విశ్వనాథుని వాక్యం దోషం రత్నత్వాన్ని హరించదన్నంత వరకే వెళ్లింది. ఆముక్తమాల్యద కథ మరొక అడుగు వేసింది: వాడుక విడిచిన జాడ, సంబంధాన్ని మోసినప్పుడు, వస్తువు స్వరూపాన్నే మార్చగలదు. అయితే ఆ మార్పు దండ నలిగినందువల్ల రాలేదు. గోద ధరించినందువల్ల వచ్చింది. ఎవరూ ధరించకుండా కావాలని నలిపిన దండకు ఆ గౌరవం లేదు. ఈ భేదం నేటి హస్తకళాభరణ చర్చకు కీలకం.

8. లోపం, జాడ, నటన

ఆధునిక కాలంలో ఆభరణాన్ని ద్రవ్యమూల్యం నుండి విడదీసి కళావస్తువుగా నిలిపిన వారిలో ఫ్రెంచి కళాకారుడు రెనే లాలిక్ ముఖ్యుడు. వజ్రవైడూర్యాలకు బదులు కొమ్ము, గాజు, ఎనామెల్ వంటి ద్రవ్యాలతో తూనీగలను, వాడుతున్న పూలను ఆయన ఆభరణాలుగా మలిచాడు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఆయన పని విశేషాదరణ పొందింది. ఆ తరువాతి కళాభరణకారులు మరింత ముందుకు వెళ్లి ఆకును, విత్తనాన్ని, ఎండుపుల్లను నేరుగా అచ్చులో ఉంచి కాల్చి, ఆ ఖాళీలో వెండి పోయడం చేపట్టారు. వంకర ముత్యాన్ని, పగులున్న రాయిని ఎంచుకొని, వాటి వంపుకు తగినట్లు లోహాన్ని మలచడమూ నేడు కనిపిస్తుంది. పురుగు కొరికిన ఆకు పోతలో పురుగు కొరికినట్లే వస్తుంది. చింతాకు పతకం నిరాకరించిన కాలధర్మాన్ని ఈ ఆకు తనతో తెచ్చుకొంది.

ఈ ధోరణిని వివరించడానికి జపానుకు చెందిన వాబి-సాబి భావనను, విరిగిన పాత్రను చెట్టుపాల జిగురుతో, బంగారు పొడితో అతికే కిన్‌త్సుగి పద్ధతిని పేర్కొంటారు. 16వ శతాబ్దపు సెన్ నో రిక్యూ వంటి గురువుల చేతిలో తేనీటి సంప్రదాయం ఎంతో నియమబద్ధమైన సాధనగా రూపొందింది. ఆ సాధనను విడిచి పదాన్ని మాత్రమే దిగుమతి చేసుకొంటే, అది ఏ గరుకుదనానికైనా అతికించదగిన ప్రశంసగా మిగులుతుంది. ఇక్కడ అలంకారశాస్త్రంలోని వివేకం సహాయపడుతుంది. పై పరిశీలన ఆధారంగా ఆభరణంలోని అసమతలను మూడుగా విభజించవచ్చు.

మొదటిది లోపం. అది పని విఫలమైన చోటు: లోహం చేరని మూల, పట్టు నిలవని కొక్కెం, చర్మాన్ని కోసే అంచు. చేతితో చేసినదన్న కారణంతో దీన్ని గుణంగా చూపరాదు. అయినా విశ్వనాథుని న్యాయం ప్రకారం, మిగిలిన పని స్ఫుటంగా ఉంటే ఇది వస్తువు కళాత్వాన్ని పూర్తిగా తొలగించదు.

రెండవది జాడ. అది పదార్థమో, ప్రక్రియో, వాడుకో విడిచిన సాక్ష్యం: మైనపు దారపు గాడి, ఆకు ఈనె, సుత్తి దెబ్బల వరుస, తరాలుగా తొడిగి అరిగిన కడియపు లోపలివైపు. దీనికి వెనుక ఒక నిజమైన సంఘటన ఉంటుంది. కూర్పులో అది సూత్రాన్ని మోసినప్పుడు గుణమవుతుంది.

మూడవది నటన. రబ్బరు అచ్చు సహాయంతో ఒకే ఉంగరపు మైనపు ప్రతులను వందలుగా తీసి పోత పోసినప్పుడు, మూలవస్తువు మీది సుత్తిదెబ్బ ప్రతి ఉంగరం మీదా ఒకే చోట, ఒకే లోతున ముద్రితమవుతుంది. మొదటి ఉంగరం మీద అది జాడ. నూరవ ఉంగరం మీద అది వేషం. సంఘటన లేని సాక్ష్యం అది. అచ్చుపోత తప్పని కాదు. అందరికీ అందుబాటులో ఉండే నగకు అది అవసరమే. అయితే చేతిపని పేరుతో ఆ గుర్తును అమ్మినప్పుడు, నిజంగా ప్రతిసారీ మట్టి పగలగొట్టే కళాకారుని శ్రమకు దక్కవలసిన మూల్యం మరొకరికి చేరుతుంది. లోపసౌందర్య చర్చలోని ఆర్థిక న్యాయం ఇక్కడ ముడిపడి ఉంది.

9. సాహిత్య విమర్శకు దీని అన్వయం

శిల్పమనే మాటను తెలుగు విమర్శ కథకూ కవితకూ చాలాకాలంగా వాడుతున్నది. వల్లంపాటి వెంకటసుబ్బయ్య గ్రంథానికి కథాశిల్పమనే పేరు అందుకు ప్రసిద్ధ నిదర్శనం. శిల్పమనే మాట చేతిపని నుండి వచ్చినది కనుక, చేతిపనిలోని దోషవిచారం వాఙ్మయానికీ వర్తించాలి. మౌఖిక గేయాలను అక్షరబద్ధం చేసేటప్పుడు ఈ అవసరం స్పష్టంగా కనబడుతుంది. గాయకురాలు సాగదీసిన అచ్చు, కుదించిన మాట, పునరుక్తి కాగితం మీద గణభంగంగా కనిపించవచ్చు. పాటలో అవి ఊపిరికీ, నాటు వేసే చేతికీ, రోకటి దెబ్బకూ సంబంధించిన జాడలు. వాటిని దిద్దితే కోహినూర్‌కు జరిగినట్లే సౌష్ఠవం వస్తుంది, రాయి తరుగుతుంది. మరొకవైపు, ఆ గేయంలో ప్రతి వైషమ్యాన్నీ జానపద సహజత్వంగా కీర్తిస్తే, గొంతుకూ జ్ఞాపకానికీ ఉన్న శిక్షణను నిరాకరించినట్లవుతుంది. గాయకురాలు తానే తప్పుగా భావించి మళ్లీ ఎత్తుకొన్న చరణం కూడా ఉంటుంది. ఆమె దోషవిచారాన్ని ముందుగా వినడం సంకలనకర్త బాధ్యత.

ఆధునిక రచనకూ ఇదే న్యాయం. మాండలికపు మాట రచనలో జీవితపు జాడగా ఉండవచ్చు. వాతావరణం కోసం చల్లిన వేషంగానూ ఉండవచ్చు. పద్యంలోని ఒక యతిభంగం అర్థపు బరువును మోయవచ్చు. కేవలం అజాగ్రత్తా కావచ్చు. మూడింటినీ ఒకే పేరుతో పిలిచే విమర్శ, తిట్టినా మెచ్చినా, పరీక్ష చేయనట్లే.

10. ముగింపు

ఆభరణాన్ని తొడిగిన శరీరం వైపు నుండి చూసిన శాస్త్రం, ఒకచోట మాత్రం రత్నాన్ని చేతిలోకి తీసుకొని పురుగు తొలిచిన రంధ్రాన్ని చూసింది. ఆ చూపులో నుండి స్వరూపానికీ తారతమ్యానికీ ఉన్న భేదం బయటపడింది. రత్నపరీక్ష దోషానికి కూడా ప్రకృతి పేర్లే పెట్టిందని, మధూచ్ఛిష్ట పోతలో ప్రకృతి రూపంగా కాక ప్రక్రియగా ప్రవేశిస్తుందని, ఆముక్తమాల్యద కథలో వాడుక జాడ వస్తువుకు అర్థమిస్తుందని ఈ పరిశీలన చూపింది. వీటి ఆధారంగా లోపాన్ని, జాడను, నటనను వేరుచేయడం హస్తకళాభరణ విమర్శకు కనీస ధర్మం. ఓజ కళాకారుల ఆభరణ పరిభాషను, పోత చెడిందని వారు ఏ మాటలతో చెబుతారో ఆ మాటలను, వారి నోటి నుండే సేకరించడం తెలుగు శాఖలు చేపట్టదగిన తదుపరి పని. కాకపదమనీ మక్షికమనీ రాజుల వజ్రపరీక్షకు ఇంత పదసంపద భద్రమై ఉండగా, మట్టి పగలగొట్టి ఇత్తడిని పరీక్షించే కంటికి నిఘంటువులో చోటు లేకపోవడం సబబు కాదు.